దారం కట్టిన సీసా

"ఆయన ఏం తాగాడో చెప్పండి, చాలు," అన్నాడు డాక్టరు ఫోన్లో. "ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అన్నది మీరూ పోలీసులూ తర్వాత తీరిగ్గా తేల్చుకోండి. ఒంట్లో ఉన్న విషమేమిటో తెలిస్తే దానికి తగ్గ విరుగుడు ఇస్తాను. తెలియకపోతే మాత్రం ఈ గుండె సాయంత్రం దాకా కొట్టుకుంటుందని నేను మాటివ్వలేను."

"మరి ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఇన్‌స్పెక్టరుగారు కల్తీ సరుకన్నారు. కల్తీ సరుక్కి చేసే వైద్యమే చేస్తున్నాం. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేసరికి పొద్దుపోతుంది, అందాకా ఆగితే మనిషి దక్కడు. చిత్రమేమిటంటే వైద్యం మొదలుపెట్టాక ఇంకా దిగజారుతున్నాడు."

ఫోన్ పెట్టేసి చూస్తే టైము రెండు దాటింది. ఏడింటికి ఈ హాల్లోనే రిసెప్షన్. పెళ్ళి నిన్న రిజిస్ట్రారు ఆఫీసులో నలుగురి మధ్య అయిపోయింది. విందు మాత్రం ఇవాళ, బంధువులందరికీ. పొద్దున పదకొండున్నరకి, సాయంత్రం అతిథులకి ఏ డ్రింకులు పోయించాలో రుచి చూసి ఖాయం చేద్దామని పెళ్ళికూతురి తండ్రి బార్ కౌంటరు దగ్గర నిలబడ్డాడు. తాగింది ఒక్కటే గ్లాసు. పది నిమిషాల్లో మొహం దొండపండులా ఎర్రబడింది. గుండె దడదడలాడుతోందన్నాడు. ఊపిరాడటం లేదన్నాడు. వాంతి చేసుకుని కౌంటరు కిందికి జారిపోయాడు.

నన్ను పిలిపించింది పెళ్ళికూతురు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకుముందు ఇన్సూరెన్సు కంపెనీలో పోయినవాళ్ళ క్లెయిములు తవ్వి తీసేదాన్ని. ఆ ఉద్యోగం వల్ల నాకు ఓపిక తగ్గింది, అనుమానం పెరిగింది. నోరు మొదటినుంచీ ఇంతే.

ఆ పిల్ల సగం జడ అల్లించుకుని, మిగతా సగానికి క్లిప్పులు వేలాడుతుండగా నా చెయ్యి పట్టుకుంది.

"రిసెప్షన్ తగలబడిపోయినా ఫర్వాలేదండీ. మా నాన్న బతకాలి. నాకింకేం వద్దు."

"నువ్వక్కడున్నావా?"

"లేను. పై గదిలో జడ వేయించుకుంటున్నాను. అరుపులు విని దిగొచ్చాను."

"అయితే పైకెళ్ళి కూర్చో. ఫోన్ చేతిలో ఉంచుకో," అని బార్ వైపు నడిచాను.

హాలు చివర, తెర పక్కన ఉంది కౌంటరు. అడ్డంగా మా ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. మా అనటానికి కారణముంది. రెండేళ్ళ కిందట ఆయన అరెస్టు చేసినవాణ్ణి నేను నిర్దోషి అని నిరూపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయన మొహం ఆముదం తాగినట్టు అయిపోతుంది.

"వచ్చారా ఇన్సూరెన్సు మేడమ్! ఇంకా ఎవరూ పోలేదండీ, మీకప్పుడే తొందరేంటి?"

"పోకుండా చూద్దామనే వచ్చాను. జరగండి."

"కేసు తేలిపోయింది. బార్ వాడు కల్తీ సరుకు దించాడు. పెద్దాయన తాగాడు, పడ్డాడు. వాణ్ణి స్టోరు గదిలో కూర్చోబెట్టాం. నాలుగు తగిలిస్తే కక్కుతాడు."

"కౌంటరు దగ్గర ఎంతమంది ఉన్నారు?"

"నలుగురు. పెద్దాయన, ఆయన భార్య, ఆయన తమ్ముడు, బార్ వాడు. పెద్దాయనా తమ్ముడూ విస్కీ తాగారు. భార్య పళ్ళరసం తీసుకుంది. వాంగ్మూలాలయ్యేదాకా ఇంట్లోవాళ్ళెవర్నీ ఆస్పత్రికి కూడా కదలనివ్వలేదు."

"తమ్ముడికేమైంది?"

"ఏం కాలేదు. గుండ్రాయిలా ఉన్నాడు."

"ఒకే కల్తీ సరుకు అన్నని పడగొట్టి తమ్ముణ్ణి వదిలేసిందా? దానికేమైనా చుట్టరికాలు తెలుసా?"

నేను కౌంటరు లోపలికి దూరాను.

శుభ్రమైన పని. గ్లాసులన్నీ ఒకే రకం, బోర్లించి వరసగా ఉన్నాయి. నిమ్మకాయలు కోసి తడిగుడ్డ కప్పి ఉంచారు. రకానికొకటి చొప్పున అరడజను సీసాలు మూత తీసి ఉన్నాయి. విస్కీ మాత్రం రెండు సీసాలు. ఒకే కంపెనీ, ఒకే లేబులు, రెంటిలోనూ ఒక్కో పెగ్గు తగ్గింది. రెండిటికీ తేడా ఒక్కటే, ఒకదాని మెడకి ఎర్ర దారం కట్టి ఉంది. ఇద్దరు తాగటానికి రెండు సీసాలు ఎందుకు తెరిచినట్టు? ఇంత ఒద్దికగా నిమ్మకాయకి గుడ్డ కప్పేవాడు ఊరికే రెండో సీసా మూత తీయడు.

స్టోరు గదిలో ఐసు పెట్టె మీద కూర్చున్నాడు బార్ అతను. అందరూ సోడా మాస్టారు అంటారట. విందులో ఎవరి గొంతు పెరిగితే వాళ్ళ గ్లాసులో సోడా పెంచుతాడని ఆ పేరు. ఒక చెంప వాచిపోయి ఉంది. కానిస్టేబుల్‌ని బయటికి పొమ్మని తలుపు వేశాను.

"మాస్టారూ, అన్నదమ్ములిద్దరికీ ఒకే సీసాలోంచి పోశారా?"

"అవునమ్మా. ఒకే సీసా."

"మరి రెండు సీసాలు తెరిచి ఉన్నాయేం?"

నేల చూపులు చూశాడు. "నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే. ఎవరి గ్లాసులో ఏం పోశానో చెప్పటం మా పనిలో లేదమ్మా. అందరికీ ఒకే రకం గ్లాసులు ఎందుకు పెట్టిస్తాననుకున్నారు? పళ్ళరసం తాగేవాడెవరో, విస్కీ తాగేవాడెవరో పక్కవాడికి తెలియకూడదు. విందుల్లో సగం గొడవలు గ్లాసు చూసే మొదలవుతాయి. నోరు జారితే నన్ను రేపట్నుంచి ఏ ఇంట్లోనూ గుమ్మం తొక్కనివ్వరు."

నాకు ఒళ్ళు మండింది. "అక్కడ మనిషి చచ్చిపోతున్నాడయ్యా! డాక్టరు చీకట్లో తడుముకుంటున్నాడు. మీ గుట్టు ఆయన పాడె మీద పెట్టి మోస్తారా?"

ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"దారం కట్టింది ఉత్తుత్తి సీసా అమ్మా," అన్నాడు మెల్లగా. "అందులో విస్కీ లేదు. మాడ్చిన చక్కెర నీళ్ళు, కాస్త టీ డికాక్షను. చూడటానికి అచ్చం అదే రంగు. నలుగురిలో గ్లాసు పట్టుకోవాలి గానీ తాగకూడదు అనేవాళ్ళకి అదే పోస్తాను. బార్ ఎక్కడ పెట్టాలి, ఏమేం తేవాలి అని మాట్లాడుకోవటానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడే పెద్దమ్మగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. 'మా ఆయన పూర్వం బాగా తాగేవారు, మానేసి మూడు నెలలైంది, ఆయనకి మాత్రం ఉత్తుత్తిదే పొయ్యి, ఆయనకి తెలియనివ్వకు' అని. అదే పోశాను."

"చూసి పోశారా?"

"చూడను. అదే మా పనితనం. కళ్ళు అతిథి మొహం మీద ఉంటాయి, బొటనవేలు సీసా మెడ మీద ఉంటుంది. దారం తగిలితే ఉత్తుత్తిది. సీసా వైపు చూస్తే ఎదుటివాడికి అనుమానం రాదూ?"

"వాసన?"

"అరడజను సీసాలు తెరిచాక ముక్కు ఏం పనిచేస్తుందమ్మా?"

నేను పరుగున కౌంటరు దగ్గరికి వెళ్ళి దారం లేని సీసా వాసన చూశాను. మాడిన చక్కెర. దారం కట్టిన సీసా వాసన చూస్తే ముక్కు అదిరిపోయింది. నిఖార్సయిన విస్కీ.

ఎవరో దారం మార్చారు.

నా వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు రెండు సీసాలూ చూసి చప్పట్లు కొట్టాడు. "అబ్బబ్బ! నా కేసు మీరే బిగించారు మేడమ్! తమ్ముడు తాగింది చక్కెర నీళ్ళు, అందుకే గుండ్రాయిలా ఉన్నాడు. అన్న తాగింది ఈ దారం సీసాలోది. కాబట్టి విషం ఇందులోనే ఉంది. బార్ వాడు దారం కథ చెప్పి తప్పించుకుందామనుకుంటున్నాడు."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక్కడేమో చక్కెర నీళ్ళు తాగాల్సినవాడు నిజంగానే విస్కీ తాగాడు. అయితే మాత్రం? పాత తాగుబోతుని ఒక్క పెగ్గు అలా పడగొడుతుందా?

ఫోన్ మోగింది. డాక్టరు కాదు, పై గదిలోంచి పెళ్ళికూతురు. "ఆస్పత్రినుంచి ఫోన్ చేశారండీ. బీపీ ఇంకా పడిపోయిందట. మీకేమైనా తెలిసిందా? ఏదో ఒకటి తెలిసుంటుంది కదా?" ఆ గొంతులో ఏడుపు కూడా మిగల్లేదు.

ఫోన్ పెట్టేసి, దారం సీసాలోంచి ఒక పెగ్గు పోసుకుని గటగటా తాగేశాను.

"ఏయ్!" ఇన్‌స్పెక్టరు నా చేతిలో గ్లాసు లాక్కున్నాడు గానీ అప్పటికే ఖాళీ. "మీకు మతి పోయిందా? అది సాక్ష్యం! అది విషం!"

"మీ విషం ఎంతసేపట్లో పడగొడుతుంది?"

"పది నిమిషాల్లో ఆయన పడ్డాడుగా!"

"అయితే పది నిమిషాలు ఇక్కడే నిలబడతాను. పడితే మీరే గెలిచారు. పడలేదనుకోండి, పది నిమిషాల్లో పనిచేసే విషం ఇందులో లేనట్టే."

"కల్తీ సరుకు అంత తొందరగా పనిచేయదు. గంటలు పడుతుంది. కావాలంటే డాక్టర్నే..." అని ఠక్కున ఆగిపోయాడు.

"చెప్పండి, ఆగారేం? గంటలు పట్టే విషం ఆయన్ని పది నిమిషాల్లో ఎలా పడేసింది?"

"రాత్రి కూడా ఎక్కడో తాగి ఉంటాడు," అన్నాడు గానీ ఆ గొంతులో పస లేదు.

హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్న పెద్దాయన భార్య లేచి నిలబడి నన్నే చూస్తోంది. ఆమె పక్కన మరిది, అంటే పెద్దాయన తమ్ముడు. నేను తాగినప్పట్నుంచీ అతను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. గోడ గడియారం చూస్తాడు, నా మొహం చూస్తాడు. నా గుండె కూడా గట్టిగానే కొట్టుకుంటోంది, అబద్ధమెందుకు. పదో నిమిషం దాటేసరికి అరచేతులు చెమటతో తడిసిపోయాయి. అంతకు మించి ఏమీ కాలేదు.

"కూర్చోండి మేడమ్," అన్నాడతను చివరికి. "మీకేం కాదు. అందులో విషం లేదు. నేనూ ఓ గుక్క తాగాను."

"ఎప్పుడు?"

"దారం మార్చినప్పుడు." అంటూనే భోరుమన్నాడు. "అన్నయ్య బతిమాలాడండీ. 'మీ వదిన నాకు చక్కెర నీళ్ళు పోయిస్తోందిరా, మాస్టారితో గుసగుసలాడుతుంటే విన్నాను. మూడు నెలలు ముట్టలేదు, కూతురికి మాటిచ్చి నా అంతట నేనే మానేశాను. ఇవాళ ఒక్కటంటే ఒక్క గ్లాసు, నా కూతురి సంతోషంలో' అన్నాడు. మాస్టారు ఐసు తేవటానికి వెళ్ళినప్పుడు దారం విప్పి ఈ సీసాకి కట్టాను. ఇంత జరుగుతుందని తెలిస్తే చేతులు నరుక్కునేవాణ్ణి కదా!"

"ఇది పొద్దున్నే చెప్పాల్సిన మాట కాదూ?"

"చెబితే వదిన నన్ను గడప తొక్కనివ్వదని భయమేసింది."

వదిన కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏడుపు తర్వాత," అన్నాను అతనితో. "ఈ మధ్య మీ అన్నయ్య ఒంట్లో ఏదైనా తేడా చేసిందా? ఆలోచించి చెప్పండి. చిన్నదైనా సరే."

"ఏముందండీ... నెలనుంచీ ఏం తిన్నా ఇనప ముక్క నాకినట్టుందని సణిగేవాడు. పొద్దున గడ్డం గీసుకుని లోషను రాసుకుంటే మొహమంతా కందిపోయింది, మండిపోతోందని సీసా విసిరికొట్టాడు. కొత్త లోషను కూడా కాదు, ఎప్పుడూ రాసుకునేదే."

గడ్డం లోషన్లో ఉండేది ఆల్కహాలే. నేను తాగితే ఏం కాలేదు, తమ్ముడు గుక్క తాగితే ఏం కాలేదు. ఆ ఒక్క మనిషికి మాత్రం చర్మానికి తగిలినా మంట, కడుపులో పడితే ప్రాణాంతకం. ఇన్సూరెన్సులో ఉన్నప్పుడు అచ్చం ఇలాంటి కేసు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అప్పుడు కూడా సీసాలో విషం దొరకలేదు. తేడా సీసాలో లేదు, తాగినవాడి ఒంట్లో ఉంది.

డాక్టరుకి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను.

"డాక్టర్, ఒక్క మాట చెప్పండి. కల్తీ సరుక్కి మీరు ఇస్తున్న విరుగుడేమిటి?"

"ఆల్కహాలే. శుభ్రమైన ఆల్కహాల్ నరంలోకి ఎక్కిస్తున్నాం. కల్తీ సరుకులోని మిథనాల్‌ని ఒళ్ళు విషంగా మార్చుకోకుండా అది అడ్డుపడుతుంది. వేరే ఇంజెక్షన్ ఉంది గానీ మా దగ్గర స్టాకు లేదు. ఎందుకడుగుతున్నారు?"

నేను జవాబు చెప్పేలోపే పెద్దాయన భార్య కేక పెట్టింది. ఆ కేకకి కానిస్టేబుల్ కూడా లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండి! బాబూ, ఆపండి! ఆయన ఒంట్లోకి అది ఎక్కకూడదు! నేను మాత్రలు వేస్తున్నాను బాబూ, తాగుడు మాన్పించే మాత్రలు!"

అవతల డాక్టరు ఎవరినో గట్టిగా పిలవటం, ట్రాలీ చక్రాలు కిర్రుమనటం వినిపించాయి. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. విరుగుడు ఎక్కించమని పొద్దుటినుంచీ డాక్టరుని తరిమింది తనే అన్న సంగతి ఆయనకి అప్పుడు బోధపడినట్టుంది.

"ఆయనకి తెలుసా?" అనడిగాను.

"తెలియదు," అందామె. నేల మీద కూలబడిపోయింది. "ఎన్నిసార్లు మానేశానన్నారో, ఎన్నిసార్లు మళ్ళీ మొదలెట్టారో నాకు తెలుసు. నమ్మలేకపోయాను. ఆ మాత్రలు పడ్డాక తాగితే ఒళ్ళు తిరగబడుతుంది, ఇంకోసారి ముట్టరు అని మందుల షాపువాడు చెప్పాడు. అందుకే కాఫీలో కలిపాను. ఆయన పడిపోగానే నాకు మొదట ఆ అనుమానమే వచ్చింది. సోడా మాస్టార్ని అడిగితే 'చక్కెర నీళ్ళే పోశానమ్మా, ఒట్టు' అన్నాడు. అయితే నా మాత్ర కాదులే, ఎవరో విషం పెట్టారులే అని గుండె దిటవు చేసుకున్నాను. విషమే అయి ఉండాలని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నానమ్మా. మొగుడికి విషం పెట్టారంటే ఊరటపడ్డ ఆడదాన్ని నేను!"

మరిది వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఆయన తన మాట మీద తనే నిలబడ్డాడని ఆమెకిప్పుడే తెలిసింది. ఆ మాత్రల అవసరమే లేకపోయింది.

"హలో!" ఫోన్లో డాక్టరు వగరుస్తున్నాడు. "డ్రిప్ పీకేశాం. ఇప్పుడు నాకు సరిగ్గా చెప్పండి. ఎన్నాళ్ళనుంచి వేస్తున్నారు?"

"మూడు నెలలు బాబూ."

"రోజుకి ఎన్ని?"

"ఒకటే. పొద్దున కాఫీలో."

"ఒకటేనా? నిజం చెప్పండమ్మా, దాచటానికి ఇది సమయం కాదు. రోజుకి ఒక్క మాత్రకి ఇంత ఉధృతంగా ఉండదు. మేం డ్రిప్ పెట్టకముందే, ఆ ఒక్క గ్లాసుకే గుండె ఇలా అయిపోయింది."

"నా పిల్ల మీద ఒట్టు బాబూ, ఒకటే!"

మెట్ల మీద చప్పుడైంది. తల్లి కేక విని దిగొచ్చినట్టుంది పెళ్ళికూతురు. ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడి వింటోందో. సగం జడ వీడిపోయి భుజం మీద పడింది.

"రెండు," అంది.

తల్లి తలెత్తింది. "ఏంటే?"

"రోజుకి రెండు పడ్డాయమ్మా. నెలనుంచీ రాత్రి పాలల్లో నేను వేస్తున్నాను." ఆ పిల్ల రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. "నీ బీరువాలో చీరల కింద ఆ మాత్రలు కనబడ్డాయి. ఎప్పుడో తెచ్చి, వేయటానికి మనసొప్పక వదిలేశావనుకున్నాను. రిసెప్షన్లో నాన్న తాగి అందరి ముందూ పడిపోతే అత్తగారి వాళ్ళ దగ్గర తలెత్తుకోలేనని భయమేసింది. పొద్దున కల్తీ సరుకన్నారు గనక నా మాత్ర వల్ల కాదులే అనుకున్నాను. నిన్న రాత్రి కూడా వేశాను. పాలు చేదుగా ఉన్నాయే అన్నాడు. తాగు నాన్నా, నా కోసం తాగు అన్నాను. తాగేశాడమ్మా."

ఆ పిల్ల వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తల్లి కొడుతుందనుకున్నాను. ఆమె కూతురి రెండు చేతులూ తన గుప్పిట్లోకి తీసుకుని, పసిపిల్ల చేతులు చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

"డాక్టర్," అన్నాను. ఫోన్ దగ్గరికి తీసుకున్నాను. "డాక్టర్, విన్నారా?"

"విన్నాను." వెనక మిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది, అది కూడా సమంగా లేదు. "చేయగలిగిందంతా చేస్తున్నాను. ఆయనకి మధ్య మధ్య తెలివొస్తోంది. కూతురు జడ వేయించుకోవటం అయిందా అని అడుగుతున్నారు. వాళ్ళిద్దర్నీ తీసుకుని ఇప్పుడే బయల్దేరండి మేడమ్. ఏడింటి దాకా ఆగొద్దు."